దారి తప్పిన జ్వరం

"జ్వరం లేని పిలగానికి జ్వరం పుట్టించింది మేడమ్. గంతే కేసు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఓంప్రకాశ్ కుర్చీలోంచి లేవకుండానే. "ఐదింటికి ఆ నర్సును స్టేషన్‌కు తీస్కపోతున్న. నడుమ మీరెందుకు పరేషాన్ అయితరు?"

ఝాన్సీలక్ష్మి మణికట్టు లోపలివైపు పెట్టుకున్న గడియారం చూసుకుంది. మూడూ యాభై రెండు.

"ఇంకా అరవై ఎనిమిది నిమిషాలున్నాయి. చాలు."

"దేనికి?"

"నువ్వు ఒంటరిగా వెనక్కి వెళ్ళడానికి."

ఓంప్రకాశ్ మొహం మాడింది. నాలుగేళ్ల కిందట ఝాన్సీలక్ష్మి పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టినప్పుడు, ఆవిడ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నది ఇతనే. కుర్చీ వచ్చింది గానీ, ఎదుట పడితే 'మేడమ్' అనే అలవాటు మాత్రం పోలేదు. అందుకే ఆవిడ ఎదుట పడకుండా తిరుగుతుంటాడు. ఇవాళ కుదరలేదు.

కేసు చిన్నదే. దాని చుట్టూ అల్లుకున్న రభస పెద్దది. పొద్దున పదీ ముప్పై ఆరుకి నేరేడ్‌మెట్ నుంచి ఇరవై నాలుగు రోజుల మగబిడ్డను ఈ పిల్లల ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకొచ్చారు. రెండుసార్లు పాలు కక్కాడన్నది ఒక్కటే ఫిర్యాదు. డ్యూటీలో ఉన్న నర్సు లాస్య పదీ యాభై ఐదుకి జ్వరం 101.2 అని కంప్యూటర్లో ఎక్కించింది. దాంతో రక్తం, మూత్రం, ఆఖరికి వెన్నులోంచి నీరు కూడా తీసి పరీక్షలకు పంపి, బిడ్డను చేర్చుకున్నారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఎన్నిసార్లు చూసినా పిల్లాడి ఒంట్లో 98.4 దాటలేదు. జ్వరం తగ్గే మందు ఒక్క చుక్క వేయలేదు. తాతగారు రామభద్రరావు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా రిటైరైన మనిషి, ఊరుకుంటాడా! లేని జ్వరం రాసి, పసిగుడ్డు వెన్నులో సూది గుచ్చి, మంచాలు నింపుకుంటున్నారని ఒంటిగంటకల్లా ఫిర్యాదు రాసిచ్చాడు. ఆస్పత్రి వాళ్ళు క్షణం ఆలస్యం చెయ్యకుండా చేతులు దులిపేసుకుని, తప్పంతా నర్సుదే అని ఆ పిల్లను సస్పెండ్ చేసిపారేశారు.

లాస్య తండ్రి బిక్షం లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి దిగిపోయినవాడు. ఒకప్పుడు వర్క్‌షాపు దొంగతనం కేసులో అతన్ని అన్యాయంగా ఇరికిస్తే ఝాన్సీలక్ష్మే బయటపడేసింది. రెండున్నరకి ఫోన్ చేసి ఒక్క మాటే అన్నాడు. "నా బిడ్డ తప్పు చేస్తే చేస్తది గని, అబద్ధం ఆడదమ్మా."

ఆ మాట మీదే ఆవిడ బయల్దేరి వచ్చింది.

లాస్యను దుప్పట్ల గదిలో కూర్చోబెట్టారు. పాతికేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి గానీ ఝాన్సీలక్ష్మిని చూడగానే లేచి నిలబడింది.

"కూర్చో. మీ నాన్న పంపాడు నన్ను. నూటొకటి పాయింట్ రెండు నువ్వు చూశావా, ఊహించావా?"

"చూసిన మేడమ్. నా కండ్లతోటి చూసిన."

"ఏ బిడ్డకి?"

"గదే చెప్పలేకపోతున్న. పొద్దుగాల పదకొండు మంది పిల్లలొచ్చిన్రు. ఒక్కదాన్నే ఉన్న. మొఖాలు గుర్తులేవు. అంకె గుర్తుంది, ఎందుకంటే గా అంకె చూడంగనే గుండె దడ్డుమన్నది."

"చూసిన వెంటనే కంప్యూటర్లో ఎక్కించావా?"

"లేదు మేడమ్. కంప్యూటర్ ఒక్కటే, అది బిల్లింగోళ్ళ చేతిల ఉంటది. మేమంతా ప్లాస్టర్ టేపు ముక్క మీద టెంపరేచర్, టైం రాసి బిడ్డకు చుట్టిన గుడ్డ మీద అంటిస్తం. కంప్యూటర్ ఖాళీ అయినంక బిడ్డకాడికి పోయి, టేపు చూసి ఎక్కిస్తం."

"టేపు మీద టోకెన్ నంబర్?"

లాస్య తల దించుకుంది. "రాయాలె. రాయలే. తొందరల ఉన్న. గది నా తప్పే మేడమ్, ఎవరడిగినా ఒప్పుకుంట."

ఝాన్సీలక్ష్మికి ఆ క్షణంలోనే ఆ పిల్ల మీద నమ్మకం కుదిరింది. అబద్ధమాడేవాళ్ళు తమ మీదకి కొత్త తప్పు తెచ్చుకోరు. బిక్షం కూతుర్ని బాగానే పెంచాడు.

"టేపు చూసి ఎక్కించాక ఏం చేశావు?"

"డాక్టర్ సార్‌కు చెప్పిన. సార్ వెన్నుల నీళ్ళు తీస్తుంటే బాబును వంచి పట్టుకున్న. గంతసేపు గాడనే ఉన్న."

"సరే. ఐదింటిలోగా ఎవరు రమ్మన్నా ఈ గది దాటకు. ఇన్‌స్పెక్టర్ అయినా సరే."

మూడూ యాభై తొమ్మిదికి ఆవిడ ఎమర్జెన్సీ ముందు గదిలోకి అడుగుపెట్టింది. వచ్చిన పిల్లల్ని మొదట చూసేది ఇక్కడే. ఒక పొడుగాటి స్టీలు బెంచీ, ఒక బల్ల, బల్ల మీద కంప్యూటర్, గోడకి తగిలించిన థర్మామీటర్ యంత్రం, దానికి వేలాడే తీగ, తీగ చివర కొలిచే పుల్ల. పైన పెద్ద తెర ఒకటి. దాని మీద టోకెన్ నంబర్లు, ఒక్కో నంబర్ పక్కన పచ్చ చుక్క.

ఇద్దరు మగవాళ్ళు ఆవిడ కోసం ఎదురుచూస్తున్నారు. ఒకరు పిల్లల డాక్టర్ రఘునాథ్, నలభై దాటిన మనిషి, నిద్రలేని కళ్ళు. రెండోవాడు విశ్వతేజ, ఎమర్జెన్సీ వ్యవహారాలు చూసే మేనేజర్. ఇస్త్రీ నలగని చొక్కా.

"డాక్టర్ గారూ, పిల్లాడు ఎలా ఉన్నాడు?"

"బంగారంలా ఉన్నాడు. ఇప్పటిదాకా వచ్చిన రిపోర్టులన్నీ శుభ్రంగా ఉన్నాయి. అదే మా ప్రాణం మీదకి వచ్చింది," అన్నాడు రఘునాథ్.

"ఒంటి మీద చెయ్యేసినా తెలుస్తుంది కదా, జ్వరం ఉందో లేదో. మళ్ళీ ఒకసారి చూసుకుని సూది గుచ్చాల్సింది."

డాక్టర్‌కి కోపం వచ్చింది, కానీ అణచుకున్నాడు. "నెల లోపు పిల్లల సంగతి వేరమ్మా. పైకి హాయిగా కనిపిస్తారు, రక్తంలో బాక్టీరియా పాకుతూ ఉంటుంది. జ్వరంతో వచ్చిన పదిమందిలో ఒకరికి అలా ఉంటుంది. ఆ ఒక్కరు ఎవరో మొహం చూసి ఏ డాక్టరూ చెప్పలేడు. అందుకే 100.4 అని ఒక్కసారి నమోదైందంటే అందరికీ అన్ని పరీక్షలూ చేస్తాం. గంట తర్వాత తగ్గినట్టు కనిపించినా ఆపం."

"తగ్గితే మంచిదేగా?"

"మనకి మంచిది. వాళ్ళకి కాదు. జ్వరమొచ్చిన పసిబిడ్డ మందు లేకుండా ఒళ్ళు చల్లబడి, పాలకి కూడా లేవకుండా పడుకుందంటే, తగ్గిందని కాదు. ఒంట్లో పోరాడే శక్తి అయిపోయిందని. అప్పుడిక మా చేతిలో ఉండేవి రోజులు కాదు, గంటలు."

ఝాన్సీలక్ష్మి ఆ మాట మనసులో పెట్టుకుని థర్మామీటర్ యంత్రం దగ్గరికి నడిచింది. వెనక ఒక మీట, మీట కింద చిన్న అక్షరాలు. ఇలాంటివి ఎవరూ చదవరు. ఆవిడ అన్నీ చదువుతుంది. మీట నొక్కితే యంత్రం తనలో దాచుకున్న పాత అంకెలు ఒక్కొక్కటీ బయటపెట్టింది, కొలిచిన టైంతో సహా. పొద్దుటి పూట కొలిచినవి పదకొండు. అందులో పదీ ముప్పై ఎనిమిదికి 98.4. పదీ నలభై రెండుకి 101.2.

"అయితే లాస్య అబద్ధం చెప్పలేదన్నమాట," అన్నాడు రఘునాథ్, గుండెల మీంచి బరువు దించుకుంటూ.

"అరె, ఆగుండ్రి సారూ!" ఓంప్రకాశ్ గుమ్మంలోంచి అందుకున్నాడు. ఆవిడ వెనకాలే వచ్చాడన్నమాట, అంత నమ్మకం. "మీటర్ల 101.2 ఉన్నది. పిలగానికి లేదు. మరి యాడికెల్లొచ్చింది? నేను చెప్త. గా పుల్లను చాయ్ గ్లాసుల ముంచింది. గిసొంటివి నా సర్వీసుల శానా చూసిన."

"చాయ్‌లో ముంచితే నూటొకటి దగ్గర ఆగుతుందా ఓంప్రకాశ్? ఈ క్యాంటీన్‌లో చాయ్ అంత చల్లగా ఇస్తుంటే ముందు వాళ్ళ మీద పెట్టు కేసు."

రఘునాథ్ నవ్వాపుకోలేక పక్కకి తిరిగాడు. ఓంప్రకాశ్ మెడ ఎర్రబడింది.

"మేడమ్, మజాకులొద్దు. గిది మీ జమానా కాదు. నాకు కంప్లైంట్ ఉన్నది, రికార్డ్ ఉన్నది, మేనేజర్ సాబ్ వాంగ్మూలం ఉన్నది. మీకాడ ఏమున్నది?"

"నా దగ్గర నాలుగు నిమిషాలున్నాయి," అంది ఝాన్సీలక్ష్మి నెమ్మదిగా. "నేరేడ్‌మెట్ బాబు టోకెన్ తీసుకున్నది పదీ ముప్పై ఆరుకి. రెండు నిమిషాల్లో ఒక కొలత, 98.4. మరి నాలుగు నిమిషాలకి ఇంకో కొలత, 101.2. ఈ రెండో కొలత అదే బాబుదని నీకెవరు చెప్పారు?"

జవాబు విశ్వతేజ ఇచ్చాడు.

"మేడమ్, కంప్యూటర్‌లో ఆ బాబు పేరు మీదే ఉంది కదా. మా సిస్టమ్ చాలా స్ట్రాంగ్. ఆ బోర్డ్ చూడండి, నలభై ఐదు నిమిషాల్లో పేషంట్ ఫైల్ క్లోజ్ కాకపోతే రెడ్ చుక్క వచ్చేస్తుంది. ఇవాళ పొద్దుటి నుంచి ఒక్క రెడ్ లేదు!"

ఆ గొప్ప ఝాన్సీలక్ష్మి చెవిన పడింది. ఇంతమంది పిల్లలు, ఒక్క నర్సు, ఆ నర్సు కూడా వెన్ను పరీక్ష దగ్గర ఇరుక్కుపోయిన పూట, ఒక్క ఎర్ర చుక్క రాలేదట! ఆ సంగతి తర్వాత చూద్దామని, బెంచీ పక్కన బకెట్ పెట్టుకుని నేల తుడుస్తున్న ఆయమ్మ వైపు తిరిగింది.

"ఏం పేరమ్మా?"

"దేవమ్మ."

"పొద్దున ఈ బెంచీ ఎప్పుడు తుడిచావు?"

"రెండుసార్లు తుడిచిన. వచ్చినప్పుడొకసారి. మల్ల నేను చాయ్‌కు పోయేముందు, పావుతక్కువ పదకొండుకు. ఒక బాబు ఒంటికి పోసి బెంచీ అంత తడిపిండు. వాళ్ళ అమ్మమ్మ శానా శరమిందా అయింది పాపం."

"ఏ బాబు?"

"మీరందరు లొల్లి చేస్తున్నరు గదా, గా బాబే."

ఝాన్సీలక్ష్మి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. టేపు అంటించేది బిడ్డకి కాదు, బిడ్డకి చుట్టిన గుడ్డకి. బిడ్డ గుడ్డ తడిపేశాడు. తడిసిన గుడ్డ తీసేస్తారు. గుడ్డ పోతే దాంతో పాటు టేపూ పోతుంది. అలాంటప్పుడు లాస్య పదీ యాభై ఐదుకి వచ్చి చూసిన టేపు ఏ గుడ్డ మీదిది?

"పదండి డాక్టర్ గారూ, అమ్మమ్మగారిని చూద్దాం. నువ్వూ రా ఓంప్రకాశ్. నీ కేసే కదా."

నాలుగూ పన్నెండు. రెండో అంతస్తు గదిలో బాలింత నిద్రపోతోంది, పక్కన పిల్లాడు గుప్పిళ్ళు బిగించి వాడి పని వాడు చూసుకుంటున్నాడు. రామభద్రరావు కిందనే ఆఫీసులో ఎవరినో దులిపేస్తున్నాడు. అమ్మమ్మ కామాక్షి ఒళ్ళో ప్లాస్టిక్ బుట్ట పెట్టుకుని కూర్చుంది. అరవై ఏళ్ళ మనిషి, పెద్ద బొట్టు. పోలీసును చూడగానే బుట్టని కొంచెం దగ్గరికి లాక్కుంది.

"పిన్నిగారూ, మనవడు చక్కగా ఉన్నాడు. ఎవరి పోలిక?" అంది ఝాన్సీలక్ష్మి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంటూ.

"అంతా వాళ్ళ తాతేనమ్మా. ఆ ముక్కు, ఆ కోపం."

"పొద్దున బెంచీ తడిపేశాడట."

కామాక్షి నవ్వబోయి ఆగిపోయింది. "పసివాడు కదమ్మా."

"మరి గుడ్డ మార్చారు కదూ?"

"మార్చాను. మా గుడ్డలే, మా ఇంటి నుంచి తెచ్చినవే."

ఎవరిదని ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబొచ్చింది. ఝాన్సీలక్ష్మి గొంతు ఇంకా మెత్తబడింది.

"పిన్నిగారూ, కింద ఒక ఆడపిల్ల ఏడుస్తూ కూర్చుంది. ఇంకో నలభై నిమిషాల్లో దాన్ని జీపెక్కిస్తారు. మీ బుట్టలో ఏముందో నేను లాక్కుని చూడను. మీరే చూపించండి."

కామాక్షి గుమ్మం వైపు భయంగా ఒక చూపు చూసి, గొంతు తగ్గించింది.

"ఆయనకి చెప్పకండమ్మా. ఎవరిదో గుడ్డ మనవడికి చుట్టానని తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు. నేను తెచ్చినవి రెండే, ఒకటి కారులో పాలు కక్కినప్పుడే పోయింది. రెండోది బెంచీ మీద తడిపాడు. ఆ ఏసీలో పిల్లాడు వణుకుతున్నాడు. పక్కన కూర్చున్నావిడ, వాళ్ళ మనవరాలికి రెండు చుట్టలు చుట్టుకుని వచ్చింది. నా అవస్థ చూసి పైగుడ్డ విప్పి ఇచ్చేసింది. మా పాప ఒళ్ళు కాలవట్టే, దీనికి రెండెందుకు, నువ్వు తీస్కో అక్కా అంది. తల్లిలాంటి మనిషి."

ఝాన్సీలక్ష్మి చెయ్యి చాపింది.

కామాక్షి బుట్ట అడుగునుంచి రెండు మూటలు తీసింది. ఒకటి పాలిథిన్ కవరులో తడిసిన తెల్లపంచె ముక్క. ఝాన్సీలక్ష్మి దాన్ని విప్పింది. మూలన ముడుచుకుపోయిన టేపు, మీద నీలం సిరాతో రాత: 98.4, 10.38. రెండోది మెత్తటి ఆకుపచ్చ గళ్ళ లుంగీ ముక్క. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన గుడ్డ. దాని మీద ఇంకా గట్టిగా అంటుకునే ఉంది టేపు: 101.2, 10.42.

"ఇదీ నీ చాయ్ గ్లాసు," అంది ఝాన్సీలక్ష్మి ఓంప్రకాశ్‌తో. "లాస్య ఇద్దరు బిడ్డలకి జ్వరం చూసింది. రెండూ సరిగ్గానే రాసింది. ఒక అమ్మమ్మ మంచితనానికి గుడ్డ బెంచీ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళింది. జ్వరం కూడా దాంతో వెళ్ళింది. టోకెన్ నంబర్ వేసి ఉంటే ఈ గొడవ లేదు, ఆ తప్పు ఆ పిల్ల ఒప్పుకుంది. కానీ దొంగరాత ఒక్కటీ లేదు."

ఓంప్రకాశ్ రెండు గుడ్డల్నీ మార్చి మార్చి చూశాడు. చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"గలతైంది మేడమ్," అన్నాడు.

కామాక్షి మనవడి కాళ్ళు పట్టుకుంది. "అయితే మావాడికి జ్వరం లేకుండానే గుచ్చారా! నా చేతులతో నేనే..."

"వాడికేం కాలేదు పిన్నిగారూ. రిపోర్టులు బాగున్నాయి." ఝాన్సీలక్ష్మి ఈ మాటలంటూనే డాక్టర్ వైపు చూసింది. రఘునాథ్ మొహం పాలిపోయి ఉంది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. జ్వరం లేని బిడ్డ ఇక్కడ మంచం మీద క్షేమంగా ఉన్నాడు. జ్వరం ఉన్న బిడ్డ ఎక్కడ?

మెట్లు ఎలా దిగారో ఇద్దరికీ గుర్తులేదు. నాలుగూ ఇరవై మూడు. రఘునాథ్ కంప్యూటర్లో పదీ నలభై ఒకటి టోకెన్ తెరిచాడు. ఆడపిల్ల. వయసు ఇరవై ఒక్క రోజులు. ఒళ్ళు వేడిగా ఉందని తీసుకొచ్చారు. టెంపరేచర్ 98.6. ఎక్కించినది లాస్య, పదకొండూ ఇరవైకి. గదిలో ఉన్న జూనియర్ డాక్టర్ ఆ అంకె చూసి, గుడ్డలు ఎక్కువ చుట్టడం వల్ల వేడి అని చెప్పి, పదకొండూ ఇరవై ఐదుకి ఇంటికి పంపేశాడు. ఒక్క పరీక్ష లేదు.

"ఇగో, ఇది సుత లాస్య పేరే ఉన్నది," అన్నాడు ఓంప్రకాశ్ వెనకనుంచి, ఈసారి గొంతులో ఎకసెక్కెం లేదు.

"పేరు ఉంది. మనిషి లేదు. డాక్టర్ గారూ, వెన్ను పరీక్ష ఎప్పుడు మొదలైంది?"

"పదకొండూ పన్నెండు. అయిపోయింది పదకొండూ ముప్పై ఎనిమిది. నా చేత్తో రాశాను. అంతసేపూ లాస్య నా ఎదురుగా బాబును పట్టుకునే ఉంది."

"కాబట్టి పదకొండూ ఇరవైకి ఆమె ఇక్కడ లేదు. ఆమె తెరిచి వదిలిన కంప్యూటర్ ఉంది." ఝాన్సీలక్ష్మి విశ్వతేజ వైపు తిరిగింది. "ఇంకో ఆరు నిమిషాలైతే ఈ టోకెన్‌కి నలభై ఐదు నిమిషాలు నిండి ఎర్ర చుక్క పడేది. టెంపరేచర్ గడి ఖాళీగా ఉంటే ఫైలు మూసుకోదు. అవునా?"

"నేను... అంటే మేడమ్..."

"ఆ యంత్రంలో పొద్దుటివి పదకొండు అంకెలున్నాయి. 98.6 ఒక్కటి కూడా లేదు. పొద్దున ఈ గదిలో ఎవరూ ఆ అంకె కొలవలేదు. కొలవకుండా రాసేవాళ్ళకే అది గుర్తొస్తుంది."

విశ్వతేజ కుర్చీలో కూలబడ్డాడు. "పాప బాగానే కనిపించింది మేడమ్. పడుకుని ఉంది. నార్మలే అనుకున్నాను."

ఝాన్సీలక్ష్మికి ఆ చొక్కా పట్టుకుని లేపి చెంప పగలగొట్టాలనిపించింది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అయితే చేసేదే. ఇప్పుడు అంత టైం లేదు.

"ఇంటి అడ్రస్?"

"భువనగిరి దగ్గర పల్లెటూరు," అన్నాడు రఘునాథ్ తెర చూసి. "ఆధార్‌లో ఉన్నదే రాశారు. ఫోన్ నంబర్ తండ్రిది." అప్పటికే ఓంప్రకాశ్ ఆ నంబర్‌కి కొట్టి తల అడ్డంగా ఊపాడు. స్విచాఫ్.

"భువనగిరి పోలీసోళ్ళకు చెప్త, బండి పంపిస్తరు."

"అక్కడ ఉండదు ఓంప్రకాశ్. ఇరవై ఒక్క రోజుల బాలింత అత్తగారింట్లో ఎందుకుంటుంది? పుట్టింట్లో ఉంటుంది. తీసుకొచ్చింది కూడా అమ్మమ్మ. ఆ పుట్టిల్లు ఎక్కడో ఈ కంప్యూటర్‌కి తెలియదు." ఆవిడ వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసింది. "తెలిసినావిడ పైన ఉంది."

పైకి వెళ్ళనక్కర్లేకపోయింది. కామాక్షి ఆయాసపడుతూ తనే దిగి వస్తోంది, చేతిలో ఆ ఆకుపచ్చ లుంగీ ముక్క.

"పిన్నిగారూ, ఈ గుడ్డ ఇచ్చినావిడ గురించి మీకేం తెలుసు?"

"ఏం తెలుసా? అన్నీ తెలుసు!" అంది కామాక్షి. ఆస్పత్రి బెంచీ మీద ఇద్దరు అమ్మమ్మలు అరగంట కూర్చుంటే తెలియనిదేం మిగులుతుంది! "పేరు విజయమ్మ. బోయిన్‌పల్లి మార్కెట్లో అల్లం, వెల్లుల్లి అమ్ముతుంది. మార్కెట్ వెనక గేటు పక్క సందులో ఇల్లు. కూతురికి మొదటి కాన్పు. ఇవాళ సాయంత్రం పాపని తొట్టెల్లో వేసి పేరు పెడుతున్నారు. నన్ను కూడా రమ్మని నంబర్ ఇచ్చింది."

"నంబర్ ఇచ్చిందా!"

"ఇదుగో."

రఘునాథ్ ఒక్క కేక పెట్టాడు. "అంబులెన్స్ తియ్యమనండి! ఎమర్జెన్సీ బ్యాగు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు. లాస్య ఏది? లాస్యని పిలవండి. ఇంత చిన్న బిడ్డ నరానికి సూది ఎక్కించాలంటే ఆ అమ్మాయే ఉండాలి."

విశ్వతేజ నోరు విప్పాడు. "సార్, ఆమె సస్పెన్షన్‌లో..."

"నువ్వు నోరు మూస్కో," అన్నాడు ఓంప్రకాశ్. తనే దుప్పట్ల గది వైపు పరుగెత్తి తలుపు బాదాడు. "బిడ్డా, బయటికి రా! నీతోని పనుంది. అరెస్టు కాదు, దవాఖాన పని. నా జీపు ముంగట పోతది, అంబులెన్స్ ఎనుక రావాలె. బోయిన్‌పల్లికి పదిహేను నిమిషాల్ల చేరకపోతే నా పేరు ఓంప్రకాశ్ కాదు."

లాస్య బయటికొచ్చింది. ఎవరేం చెప్పారో, ఎంత అర్థమైందో గానీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కళ్ళు తుడుచుకుని, బ్యాగు అందుకుని, అందులో ఉన్న చిన్న సూదులు లెక్కచూసుకుంటూ డాక్టర్ కంటే ముందే అంబులెన్స్ వైపు నడిచింది.

నాలుగూ ముప్పై ఒకటి. కామాక్షి ఫోన్ మోగుతోంది, అవతల ఎవరూ ఎత్తడం లేదు. రెండోసారి. మూడోసారి ఎత్తారు. ఝాన్సీలక్ష్మి స్పీకర్ మీట నొక్కింది. అవతల ఆడవాళ్ళ పాట, గిన్నెల చప్పుడు, పిల్లల అరుపులు.

"ఎవలూ?"

"విజయమ్మా, నేను! పొద్దున బెంచీ మీద..."

"అగో, అక్కా నువ్వా! మీ మన్మడు ఎట్లున్నడు? వస్తున్నవా? ఇగ షురూ జేస్తున్నం, నీ కోసమే సూస్తున్న."

ఝాన్సీలక్ష్మి ఫోన్ అందుకుంది. గొంతు తొణకనివ్వలేదు. "విజయమ్మా, నేను ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నాను. పాప ఎలా ఉంది?"

"మస్తుగున్నదమ్మా. పొద్దుగాల ఒళ్ళు కాలింది గని, మీ డాక్టర్ సాబ్ చెప్పినట్టే తగ్గింది. ఇప్పుడు ఒళ్ళంత సల్లగున్నది. పగటి నుంచి మంచిగ పండుకున్నది, పాలకు సుత లేస్తలేదు. గింత మంది లొల్లి చేస్తుంటే సుత కండ్లు తెరుస్తలేదు, గంత బుద్ధిమంతురాలు."

గుమ్మం దగ్గర రఘునాథ్ ఆగిపోయాడు. ఆ మాట విన్నాడు. ఒక్క క్షణం ఝాన్సీలక్ష్మి కళ్ళలోకి చూసి, ఇంకేం మాట్లాడకుండా అంబులెన్స్ వైపు పరుగు తీశాడు. బయట ఓంప్రకాశ్ సైరన్ మొదలైంది.

"విజయమ్మా, నేను చెప్పేది విను. డాక్టర్ మీ ఇంటికే వస్తున్నాడు. పాపని తొట్టెలో వెయ్యకు, ఎత్తుకో. వీధి చివర మనిషిని నిలబెట్టు. ఇప్పుడు పాపని లేపు. అరికాలు గట్టిగా రుద్ది లేపు."

"ఎందుకమ్మా, పండుకున్న పోరిని..." గొంతులో నవ్వు ఆగింది. గుడ్డల అలికిడి. "బిడ్డా... ఓ బిడ్డా..." మళ్ళీ అలికిడి. పాట పాడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోతున్నారు.

తర్వాత విజయమ్మ పాప పేరు పిలిచింది. పేరంటాళ్ళ మధ్య మేనత్త చెవిలో చెప్పాల్సిన పేరు, ఇంకా ఎవరూ పైకి అనని పేరు.

"వసుధా... అమ్మా, వసుధా... లే బిడ్డా."

ఝాన్సీలక్ష్మి, కామాక్షి ఇద్దరూ ఫోన్ మీదికి వంగి ఏడుపు కోసం విన్నారు. అవతల పాట పూర్తిగా ఆగిపోయింది.